అచ్చయిన పేజీయా, సరిచూసిన వ్యాసమా?

లెక్చరర్: డిగ్రీ నాలుగో ఏడు ఆనర్స్‌లో సాహిత్యం మీద రీసెర్చ్ ప్రాజెక్టు రాయబోయే విద్యార్థికి, శ్రీకాకుళంలో చదవనీ విజయనగరంలో చదవనీ, నేను మొదట చెప్పే మాట ఒకటే. ఆ విషయం తెలిసినవాళ్లు చదివి, తప్పులు పట్టి, సరిచేయించి ప్రచురించిన వ్యాసాల దగ్గర మొదలుపెట్టమంటాను. ఒకప్పుడు ఈ మాట అనడానికి నోరు వచ్చేది కాదు. మంచి విమర్శ వ్యాసం చూడాలంటే వాల్తేరు వెళ్లి ఆంధ్ర విశ్వవిద్యాలయం లైబ్రరీలో కూర్చోవాలి. పలాస నుంచో పాలకొండ నుంచో అలా వెళ్లగలిగినవాళ్లు ఎందరు? ఇప్పుడు ఆ దూరం తగ్గింది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇచ్చి తీరాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాటిని శోధ్‌గంగలో అందరికీ తెరిచిపెట్టింది. 2010లో మొదలైన ఎన్-లిస్ట్‌కు కాలేజీ ఏడాది చందా కడితే చాలు, విద్యార్థి తన పాస్‌వర్డ్‌తో ఇంటి దగ్గర నుంచే వేల జర్నళ్లు, ఈ-పుస్తకాలు తెరవొచ్చు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13 వేల జర్నళ్లు. ప్రభుత్వ ఆధ్వర్యంలోని కాలేజీల పిల్లలకు ఢిల్లీలో చదివేవాళ్లతో సమానంగా తలుపులు తెరుచుకున్నాయి. ఇంత ఉండగా పిల్లల్ని పాత పత్రికల దుమ్ములోకి పంపడం ముందుచూపు అనిపించదు నాకు. ఆ విషయం మీద ఇప్పటికే ఏ ప్రశ్నలు వేశారో, వాటికి ఏ జవాబులు నిలబడ్డాయో తెలియకుండా పాత సంచిక తెరిచినవాడికి అందులో కనిపించిన ప్రతిదీ కొత్తగానే ఉంటుంది.

లైబ్రేరియన్: మాస్టారూ, ఆ 13 వేలలో తెలుగు సాహిత్య విమర్శ ఎంతుంది? ఆ 30 సంస్థల్లో ఎక్కువ భాగం సైన్సు, వైద్యం, ఇంజనీరింగ్, ఇంగ్లీషులో సాగే సామాజిక శాస్త్రాలు వేసేవి. కెమిస్ట్రీ విద్యార్థికి అది నిజంగా పెద్ద వరం, కాదనను. కానీ తెలుగు కథ మీద, నవల మీద, నాటకం మీద వందేళ్లుగా సాగిన ఆలోచన అంతా ఎక్కడ అచ్చయింది? 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి పత్రికలో, వారపత్రికల సాహిత్య పేజీల్లో, సంఘాలు వేసిన ప్రత్యేక సంచికల్లో, పుస్తకాలకు రాసిన ముందుమాటల్లో. కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ 1964లో యువ పత్రికలో వచ్చింది. అప్పు పేరుతో తరతరాల వెట్టి తన బిడ్డకు సంక్రమించకూడదని సీతారాముడు కన్న కొడుకునే నరికిన ఆ ముగింపు సబబేనా అని దశాబ్దాల పాటు వాదించుకున్నారు. తెలుగులో ఒక్క కథ మీద అంత చర్చ అరుదు. అదంతా సాగింది పత్రికల్లోనే. ఆ వ్యాసాలకు ఆన్‌లైన్‌లో పట్టిచ్చే డీఓఐ నంబర్లు లేవు, వాటిని పంపించి పరీక్ష చేయించిన కమిటీలు లేవు. మీరు చెప్పిన చోట ‘యజ్ఞం’ అని వెతికిన పిల్లాడికి నాలుగైదు ముక్కలు దొరికితే ఎక్కువ. అప్పుడు వాడు ప్రాజెక్టు మొదటి పేజీలో ఏం రాస్తాడు? ఈ విషయంపై ఇంతవరకు చెప్పుకోదగ్గ పరిశోధన జరగలేదని రాస్తాడు. తెలుగు శాఖల్లో సమర్పించే ప్రాజెక్టుల్లో ఇంతకన్నా తరచుగా కనిపించే అబద్ధం మరొకటి లేదు. రాసేవాడు నిజమనుకునే రాస్తాడు. వాడికి ఆ నమ్మకం కలిగించింది వాడు వెతికిన చోటు.

లెక్చరర్: చోటుతో పాటు వెతికే తీరు కూడా చూడాలి, మేడమ్. డేటాబేస్‌లో లేదు అనే ముందు సరిగ్గా అడిగామా అన్నది తేలాలి. గురజాడ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా ఉందో మీకు తెలుసు. ‘జ’కు జెడ్ వేసినవాళ్లున్నారు, అప్పారావును రెండు ముక్కలుగా విడగొట్టినవాళ్లున్నారు, రావు చివర యు పెట్టినవాళ్లున్నారు. ఒక్క స్పెల్లింగుతో వెతికి వదిలేస్తే సగం వ్యాసాలు కనిపించవు. కాళీపట్నం, కారా, రామారావు అన్నీ విడివిడిగా కొట్టి చూడాలి. సాహిత్య అకాడమీ ఇంగ్లీషులో తెచ్చే ఇండియన్ లిటరేచర్ పత్రిక పాత సంచికలు జేస్టోర్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉన్నాయి. తెలుగులో ఆ ఏడాది ఏం వచ్చిందో చెప్పే సర్వే వ్యాసాలు వాటిలో ఉన్నాయి, మన పిల్లలు వాటి మొహం చూడరు. శోధ్‌గంగలో దొరికిన ఒక్క థీసిస్ చివర ఉపయుక్త గ్రంథ సూచి చదివితే చాలు, మీరన్న పత్రికా వ్యాసాలకు దారి అక్కడే కనపడుతుంది. పాత పత్రికలు వద్దని నేననలేదు. అక్కడికి ఏ దారిన చేరాలన్నదే నా ప్రశ్న.

లైబ్రేరియన్: స్పెల్లింగుల సంగతి ఒప్పుకుంటున్నాను. అది నేర్పాల్సింది మేమే, నేర్పడంలో వెనకబడ్డాం. కానీ శోధ్‌గంగ గురించి మీరు చెప్పిన దానికి ఒక మాట కలపాలి. అక్కడున్న తెలుగు థీసిస్‌లు చాలావరకు అను ఫాంట్లలో టైపు చేసినవో, కాగితం నుంచి స్కాన్ చేసినవో. మొదటివాటిని కంప్యూటరు తెలుగుగా గుర్తించదు, రెండోవి దానికి బొమ్మలు. యూనికోడ్‌లో గురజాడ కథ ‘దిద్దుబాటు’ పేరు కొడితే ఆ థీసిస్‌ల లోపలి పేజీలు పలకవు. శీర్షిక, విశ్వవిద్యాలయం, పర్యవేక్షకుడి పేరు, వీటితోనే పట్టుకోవాలి. అంటే ఏ థీసిస్‌లో ఏముందో ముందే తెలిసిన మనిషి పక్కన ఉంటే తప్ప పని జరగదు. ఆ మనిషినే లైబ్రేరియన్ అంటారు. డేటాబేస్ వచ్చాక లైబ్రేరియన్ అవసరం తగ్గిందని కాలేజీలు అనుకుంటున్నాయి. తెలుగు విషయంలో అవసరం పెరిగింది.

లెక్చరర్: సరే, పత్రికల్లో దొరికిన విమర్శ దగ్గరికే వద్దాం. పత్రికలో వచ్చిన వ్యాసాన్ని విద్యార్థి ఏ కొలతతో కొలవాలి? ‘యజ్ఞం’ చర్చ గొప్పదే, కానీ అందులో సగం వాదనలు కథ గురించి కన్నా రాసినవారి రాజకీయ పక్షం గురించే ఎక్కువ చెబుతాయి. స్నేహంతో రాసిన సమీక్షలున్నాయి, కక్షతో రాసినవి ఉన్నాయి, సంస్మరణ సంచిక కోసం రెండు రోజుల్లో రాసిచ్చినవి ఉన్నాయి. ఇరవయ్యేళ్ల పిల్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఇంకో చిక్కు మన ప్రాంతానిదే. గురజాడ, గిడుగు, చాసో, కారా వీళ్లంతా మనవాళ్లు. వీళ్ల విగ్రహాలకు దండలు వేస్తూ పెరిగిన పిల్లలు రాసేది పొగడ్తగానే మొదలై పొగడ్తగానే ముగుస్తుంది. దాన్నుంచి బయటకి లాగాలంటే బయటి చూపు కావాలి. వెల్చేరు నారాయణరావు గారు గురజాడ కన్యాశుల్కాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ వేసిన ఆ పుస్తకంలో, ఈ నాటకాన్ని కేవలం సంఘ సంస్కరణ నాటకంగా చదవడం సరికాదని వాదించారు. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ వాదన తెలియకుండా 2026లో ఒక విద్యార్థి మళ్లీ ‘గురజాడ సంఘ సంస్కర్త’ అని ముప్పై పేజీలు నింపితే దాన్ని పరిశోధన అనగలమా?

లైబ్రేరియన్: అనలేం. ఆ పుస్తకం చదవాల్సిందే. అయితే సరిచూసిన విద్యా రచన ఎంత నమ్మదగిందో మన ప్రాంతపు కథతోనే పరీక్షిద్దాం. తెలుగులో తొలి కథ ఏది? 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ అని పాఠ్యపుస్తకాలు చెప్పాయి, సిద్ధాంత గ్రంథాలు చెప్పాయి, ఉపన్యాసాలు చెప్పాయి. ఒకరు చెప్పిందాన్ని మరొకరు ఉటంకించారు, ఉటంకింపులు పెరిగిన కొద్దీ అది ప్రశ్న లేని నిజమైపోయింది. పర్యవేక్షకుడు, పరీక్షకుడు, వైవాలో కూర్చున్న పెద్దలు అందరూ చదివే సంతకం పెట్టారు. వాళ్లెవరూ అజాగ్రత్తపరులు కారు, వాళ్ల ముందు వేరే పేజీ లేదు, అంతే. తర్వాత ఎవరో పాత హిందూ సుందరి సంచికలు తెరిచారు. 1902లో భండారు అచ్చమాంబ రాసిన ‘ధన త్రయోదశి’ అందులో ఉంది. 1905లోనే చనిపోయిన రచయిత్రి, కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క అని తప్ప చాలామంది గుర్తుపెట్టుకోని మనిషి. ఆమెను ముందుకు తెచ్చింది స్త్రీల చరిత్ర రాసేవాళ్లూ, తెలంగాణ సాహిత్య చరిత్ర తవ్వేవాళ్లూ. ఆ తర్వాత, శ్రీకాకుళంలో తెలుగు కథలు సేకరించే కథానిలయంతో కలిసి నడిచిన వివిన మూర్తి గారు ‘దిద్దుబాటు’కు ముందు వచ్చిన కథల్ని ఏరి ‘దిద్దుబాటలు’ పేరుతో ఒక సంకలనమే తెచ్చారు. ఒకటో రెండో కావు, పుస్తకం నిండేటన్ని. ఇప్పుడు చెప్పండి, ఈ దిద్దుబాటు ఎక్కడి నుంచి వచ్చింది? సరిచూసినవాళ్లకు తెలిసినంత మేరే సరిచూడగలరు. వాళ్లు చూడని పేజీని ఏ పరీక్షా కమిటీ కనిపెట్టలేదు. అల్మారాలో ఆ సంచికను పారేయకుండా ఉంచినవాళ్లే దాన్ని కాపాడారు.

లెక్చరర్: ఇది మీ వాదనలో అన్నిటికన్నా బలమైనది, దీన్ని తేలిగ్గా దాటను. కానీ ఇందులో రెండు పనులు కలిసిపోయాయి. తేదీ చూపించడం ఒకటి. ‘ధన త్రయోదశి’ కథ అవుతుందా, నీతి బోధా, ఆధునిక కథానిక లక్షణాలు దానికి ఎంతవరకు ఉన్నాయి, అసలు ‘తొలి’ అనే పోటీ మనకెందుకు పట్టుకుంది అని అడగడం మరొకటి. మొదటిది పేజీ చెబుతుంది. రెండోది పేజీ చెప్పదు. ‘దిద్దుబాటు’ను మొదటి స్థానంలో ఉంచినవారిలో అందరికీ పాత కథలు తెలియకపోలేదు. వాడుక భాష, సంభాషణతో మొదలయ్యే ఎత్తుగడ, మనస్తత్వ చిత్రణ వీటిని గీటురాయిగా పెట్టుకున్నవాళ్లున్నారు. ఆ గీటురాయి సరైందా అని ప్రశ్నించినప్పుడే అచ్చమాంబకు చోటు దొరికింది. ప్రశ్నించినవాళ్లు స్త్రీవాద విమర్శ చదివినవాళ్లు, సాహిత్య చరిత్రను ఎవరు రాస్తారు, ఎవర్ని వదిలేస్తారు అన్న చర్చ ప్రపంచమంతటా ఎలా సాగిందో ఎరిగినవాళ్లు. ఆ ఎరుక లేనివాడికి హిందూ సుందరి సంచిక చేతికిచ్చినా అందులో ఒక పాత నీతి కథ కనిపిస్తుందే తప్ప తారుమారు కావాల్సిన చరిత్ర కనిపించదు. ఎన్నో ఏళ్లు ఆ సంచికలు అల్మారాల్లోనే ఉన్నాయి కదా, మేడమ్. వాటిని తెరిపించిన ప్రశ్న బయటి నుంచి వచ్చింది.

లైబ్రేరియన్: బయటి నుంచి వచ్చిందనే అనుకుందాం, కానీ తెరవడానికి సంచిక ఉండాలి కదా. విజయనగరానికే సంబంధించిన ఇంకో ఉదాహరణ చూడండి. కన్యాశుల్కాలు రెండు. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చు వేసినది ఒకటి, గురజాడ బాగా పెంచి తిరగరాసి 1909లో తెచ్చినది రెండోది. మధురవాణి మనకు తెలిసిన మధురవాణిగా ఎదిగింది రెండో దాంట్లో. మనం చదివేదీ ఆడేదీ ఆ రెండోదే. మొదటిది దాదాపు కనుమరుగైంది. దాన్ని వెతికి 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ పేరుతో మళ్లీ అచ్చు వేయించినది బంగోరె, నెల్లూరు పత్రికా రచయిత. ప్రొఫెసరు కాదు. ఆయన ఆ పని చేయకపోయుంటే గురజాడ పన్నెండేళ్లలో ఎంత మారారో, నాటకాన్ని ఎటు నడిపించారో మాట్లాడటానికి ఆధారమే ఉండేది కాదు. ఇక విద్యార్థుల రాతల్లో చూడండి. ‘కన్యాశుల్కం, గురజాడ అప్పారావు, పుట 112’ అని ఉంటుంది. ఏ కూర్పు, ఎవరు వేసినది, ఏ ఏడు? బజారులో డజను పునర్ముద్రణలున్నాయి, వాటిలో పుట సంఖ్యలు కలవవు. మీ డేటాబేస్‌లోని వ్యాసం కూడా ఎవరో ఒకరి కూర్పు నుంచే ఉటంకించి ఉంటుంది. దాన్ని నమ్మి మళ్లీ ఉటంకిస్తే ఆ తప్పు ఇంకో తరానికి పోతుంది. రెండు కూర్పులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడటం సాహిత్య పరిశోధనలో ముందు చేయాల్సిన పని. అది లైబ్రరీలో తప్ప జరగదు.

లెక్చరర్: కూర్పుల విషయంలో మీతో వాదించను, అక్కడ మీదే పైచేయి. ప్రతి ప్రాజెక్టులోనూ ఏ కూర్పు వాడారో, ఎందుకు వాడారో ఒక పేరా రాయించాలి. కానీ బంగోరె గారు చేసిన పనిలో మీరు చెప్పని భాగం ఒకటుంది. దొరికింది అని ఊరుకోకుండా, పక్కవాడు సరిచూసుకునేలా అచ్చులో పెట్టారు. ఆధారానికి విలువ వచ్చేది అక్కడే. నేను జర్నళ్ల వైపు మొగ్గడానికి కారణం ఇంగ్లీషు మీద మోజు అనుకోకండి. ఒకరు చెప్పిందాన్ని మరొకరు, వేరే ఊళ్లో కూర్చుని, వేరే ఏడాదిలో, పరీక్షించగలగాలి. శ్రీకాకుళంలో ఒక గదిలో ఉన్న ఒకే ఒక్క సంచిక మీద ఆధారపడి రాసిన వాదనను హైదరాబాదులో పరీక్షకుడు ఎలా సరిచూస్తాడు? నమ్మాలి, లేదా వదిలేయాలి. ఇప్పుడు దీనికి ఇంకో ప్రమాదం తోడైంది. చాట్‌బాట్‌ను అడిగితే భారతి ఫలానా సంచిక, ఫలానా పుట అంటూ ఎంతో నమ్మకంగా లేని వ్యాసాన్ని సృష్టించి ఇస్తుంది. జర్నల్ వ్యాసమైతే డీఓఐ కొట్టి క్షణంలో అది అబద్ధమని తేల్చగలను. 1938 నాటి భారతి అంటే ఎక్కడికి పరుగెత్తాలి?

లైబ్రేరియన్: విశాఖ ఎ కాలనీకి. శ్రీకాకుళంలో కథానిలయం ఉన్నది అక్కడే. మీరడిగిన పక్కవాడు సరిచూసుకునే ఏర్పాటు చేయడానికే కదా అది పుట్టింది. కారా మాస్టారు విశాఖపట్నంలో లెక్కలు చెప్పి రిటైరైన బడి పంతులు. 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు, అవార్డులతో వచ్చిన డబ్బు దానికే పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట దొరకాలన్నది సంకల్పం. పుస్తకాలు పోగేయడం అందులో చిన్న పని. ఏ కథ, ఎవరు రాసింది, ఏ పత్రికలో, ఏ నెల, ఏ ఏడు వచ్చింది అన్న వివరం పట్టిక కట్టడం అసలు పని. ఒక రచయిత మూడు పేర్లతో రాసి ఉంటాడు, ఒకే కథ రెండు పత్రికల్లో రెండు శీర్షికలతో వచ్చి ఉంటుంది. వాటిని విడదీసి ముడివేయాలంటే ఏళ్ల తరబడి కూర్చోవాలి. తర్వాత మనసు ఫౌండేషన్ లాంటివాళ్ల తోడ్పాటుతో స్కానింగ్ జరిగింది, వెబ్‌సైట్ వచ్చింది. రచయిత పేరుతో, కథ పేరుతో, పత్రిక పేరుతో ఇంటి నుంచే వెతకొచ్చు. పాత భారతి సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది. కాబట్టి చాట్‌బాట్ చెప్పిన పుట ఉందో లేదో చూడటానికి మీ పరీక్షకుడు హైదరాబాదు దాటనక్కర్లేదు. తెరపై ఉన్నదే శాశ్వతమని మాత్రం అనుకోవద్దు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు 2017లో ఆగిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి ఆ వేల తెలుగు పుస్తకాలు చేతికందుతున్నాయి, అవి కూడా తప్పుల తడక శీర్షికల కింద. కాగితం ప్రతి ఒక చోట భద్రంగా ఉంటేనే దేన్నైనా మళ్లీ స్కాన్ చేయగలం.

లెక్చరర్: కథానిలయం నా వాదనకు ఎదురు ఉదాహరణ అని మీరు చెబుతున్నారు. నాకు అది మినహాయింపులా కనిపిస్తోంది. కథకు ఒక కారా మాస్టారు దొరికారు. కవిత్వానికి అలాంటి సూచిక ఏది? నాటకానికి? విమర్శ వ్యాసాలకు? ఈ జిల్లాల్లో తప్పెటగుళ్లు, జముకుల కథ, 1960ల చివర శ్రీకాకుళ ఉద్యమ కాలంలో పాడిన పాటలు ఉన్నాయి, వీటికి అచ్చు పేజీ ఉన్నదే తక్కువ. సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన సవర విద్యార్థి తన వాళ్ల మౌఖిక సాహిత్యం మీద రాయాలనుకుంటే మన తెలుగు పత్రికల అల్మారా వాడికి ఏమిస్తుంది? గిడుగు రామమూర్తి గారు 1931లో తెచ్చిన సవర భాషా గ్రంథం ఉంది, అది మన అదృష్టం. దాని తర్వాత? ఒడిశా సవరల మధ్య ఉండి, బతికున్నవాళ్లు చనిపోయినవాళ్లతో సాగించే సంభాషణల మీద పియర్స్ విటెబ్‌స్కీ రాసిన పుస్తకం కేంబ్రిడ్జ్ 1993లో వేసింది. ఆ పిల్లాడు చదవాల్సిన పుస్తకాల్లో అదొకటి, దాని మీద వచ్చిన చర్చ అంతా ఇంగ్లీషు జర్నళ్లలో ఉంది. లైబ్రరీ అల్మారాకు కూడా పక్షపాతం ఉంది, మేడమ్. అచ్చు వేయించుకోగలిగిన కులాలు, ఊళ్లు, మాండలికాలే దాంట్లోకి ఎక్కాయి. డేటాబేస్ తెలుగును చూడదని మీ ఫిర్యాదు. మన పత్రికలు సవరను చూడలేదని నా ఫిర్యాదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రాజెక్టుకు దొరికేది ఒక సెమిస్టరు, రెండు సెమిస్టర్లు. సాయంత్రం ఆఖరి బస్సుకు ఇంటికి చేరాల్సిన ఆడపిల్లను ఎన్నిసార్లు శ్రీకాకుళం వెళ్లి రమ్మంటాం? ఫోనులో తెరుచుకునే జర్నల్ ఆమెకు సమాన అవకాశం.

లైబ్రేరియన్: సవర విద్యార్థి విషయంలో మీరన్నది నిజం. అచ్చులోకి ఎక్కనివాళ్ల సాహిత్యానికి మా అల్మారాలు న్యాయం చేయలేదు, ఆ లోటు నన్నూ బాధిస్తుంది. అందుకు విటెబ్‌స్కీ పుస్తకం ఎంత అవసరమో, ఆ పిల్లాడే తన అవ్వ చెప్పేది రికార్డు చేసి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చెప్పారో రాసి కాలేజీ లైబ్రరీలో దాచడం అంతే అవసరం. బస్సు సంగతీ ఒప్పుకుంటాను. కానీ మీరు జర్నల్ అన్న ప్రతిసారీ దానికి ఒక ముద్ర ఉన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ ముద్ర గతి ఏమైందో చూడండి. యూజీసీ తానే ఆమోదించిన జాబితా నుంచి 2018లో 4,305 జర్నళ్లను తీసేసింది. 2019లో నమ్మదగిన జర్నళ్లకు కేర్ జాబితా పెట్టింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. డబ్బు కడితే వారంలో అచ్చు వేసే పత్రికలు పీర్ రివ్యూడ్ అని అట్ట మీద వేసుకుంటున్నాయి. తెలుగు శాఖల ప్రమోషన్ల కోసం అలాంటి చోట్ల పడ్డ వ్యాసాన్ని విద్యార్థి నమ్మి, అరవై ఏళ్ల కిందట భారతిలో ఒక పండితుడు రాసినదాన్ని పరీక్ష కాలేదని వదిలేస్తే నష్టం ఎవరికి?

లెక్చరర్: తెలుగుకే. అందుకే అట్ట మీది మాట చూసి నమ్మమని నేను ఎవరికీ చెప్పను. జాబితాలు పోయాక విద్యార్థికి మిగిలింది సొంత వివేకం. అది ఎక్కడి నుంచి వస్తుంది? మంచి విమర్శ చదివితే వస్తుంది. కె.వి. రమణారెడ్డి గారి ‘మహోదయం’ చదివినవాడికి గురజాడ మీద ఎవరు ఆధారంతో మాట్లాడుతున్నారో, ఎవరు ఊకదంపుడు కొడుతున్నారో పది పేజీల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత వెల్చేరు చదవాలి, ఇద్దరికీ ఎక్కడ పొసగదో గుర్తించాలి. అప్పుడు 1897 కూర్పు తెరిస్తే అందులో వెతకాల్సింది ఏమిటో తెలుస్తుంది. ఇందులో మీ అల్మారా నేను వదిలిపెట్టలేదు, చివర పెట్టాను.

లైబ్రేరియన్: చివర పెడితే అక్కడికి చేరేవాళ్లు ఉండరు. సెమిస్టరు ముగిసిపోతుంది. పైగా మహోదయం చదివి వెళ్లినవాడు రమణారెడ్డి గారి కళ్లతోనే గురజాడను చూస్తాడు. వెల్చేరు చదివి వెళ్లినవాడు ఆయన కళ్లతో. ఎవరి కళ్లూ అరువు తెచ్చుకోక ముందు ఒక్కసారి నాటకం రెండు కూర్పులూ చదివి, తనకు తోచిన ప్రశ్న ఒకటి రాసుకుని, అప్పుడు విమర్శకుల దగ్గరికి పోవాలంటాను. ఆ ప్రశ్న తప్పే కావచ్చు. పెద్దలు దాన్ని ఎప్పుడో వేసి జవాబు చెప్పేసి ఉండొచ్చు. అయినా అది వాడి ప్రశ్న, దాన్ని పట్టుకుని చదివితే మహోదయం కూడా వేరేగా కనిపిస్తుంది. ఒక నియమం మాత్రం ఇద్దరం కలిసి పెట్టొచ్చు. ‘పరిశోధన జరగలేదు’ అని రాయాలనుకునే విద్యార్థి ఎక్కడెక్కడ, ఏయే మాటలతో వెతికాడో చెప్పాలి. శోధ్‌గంగ, జేస్టోర్, కథానిలయం, భారతి సంచికలు, కాలేజీ లైబ్రరీ కార్డులు అన్నీ. చెప్పలేకపోతే ఆ వాక్యం కొట్టేయాలి.

లెక్చరర్: ఆ నియమానికి నా సంతకం ఉంటుంది. దానికి జోడుగా ఇంకొకటి. పాత సంచికలో ఏదో దొరికిందని ‘ఇదే మొదటిది’ అని రాసేవాడు, ఆ విషయంపై వచ్చిన విమర్శలో కనీసం రెండు విరుద్ధ అభిప్రాయాలకు జవాబు చెప్పాలి.

లైబ్రేరియన్: ఒప్పుకున్నాను. ఇప్పుడు మీరు ఒక మాట చెప్పండి. ఒక విద్యార్థి విజయనగరంలో వెలువడిన ఒక పాత పత్రిక పదేళ్ల సంచికలు తిరగేసి, అందులోని ప్రతి కథకూ, వ్యాసానికీ రచయిత, శీర్షిక, నెల, ఏడు, పుటతో సూచిక తయారు చేసి ఇస్తుంది. వాదన ఏమీ లేదు, విమర్శ లేదు. దానికి రీసెర్చ్ ప్రాజెక్టుగా మార్కులు వేస్తారా?

లెక్చరర్: ఉపయోగపడే పని అంటాను, మార్కులూ వేస్తాను. కానీ పరిశోధన అనలేను. ఆ సూచికలోంచి ఒక ప్రశ్న పుట్టి దానికి జవాబు వెతికినప్పుడే అది పరిశోధన. ‘దిద్దుబాటలు’ పుస్తకం పరిశోధన. దానికి ముందు కట్టిన పట్టిక సామగ్రి.

లైబ్రేరియన్: ఒకే కథ రెండు శీర్షికలతో వచ్చిందని తేల్చడం, మారుపేరు వెనక ఉన్న మనిషిని పట్టుకోవడం, తేదీ లేని సంచికకు లోపలి ప్రకటనలు చూసి నెల నిర్ణయించడం, వీటిలో ఏది ప్రశ్న కాదు, ఏది జవాబు కాదు? మీ వ్యాసకర్త తన వాదనలో పొరబడితే తర్వాతివాడు దిద్దుకుంటాడు. పట్టిక కట్టినవాడు పొరబడితే దాని మీద ఆధారపడిన వ్యాసాలన్నీ పొరబడతాయి. అంత బాధ్యత ఉన్న పనిని పిల్లలకు పరిశోధన అని చెప్పకపోతే దాన్ని చేయడానికి ఎవరు వస్తారు?

లెక్చరర్: ఆ బాధ్యత పెద్దది కనుకే దాన్ని డిగ్రీ పిల్లల చేతిలో పెట్టడానికి జంకుతున్నాను. వాళ్లు చేసిన సూచికను ఎవరు సరిచూస్తారు? మళ్లీ అక్కడికే వస్తున్నాం. సరిచూసే రెండో మనిషి లేకుండా ఏ పేజీనీ నేను ఆధారమని ఒప్పుకోలేను.

లైబ్రేరియన్: రెండో మనిషి సరిచూడటానికి ముందు మొదటి మనిషి ఆ పేజీ తెరవాలి, మాస్టారూ. ఈ రెండు జిల్లాల్లో ఇంకా ఎవరూ పట్టిక కట్టని పత్రికలు, కట్టలు విప్పని ఇళ్ల అల్మారాలు ఎన్నో ఉన్నాయి. వాటిని తెరిచే పనికి మీరు మార్కులు వేస్తానంటున్నారు, పేరు మాత్రం ఇవ్వనంటున్నారు. నేనడిగేది ఆ పేరే.